జీవితకథ రాయడం – ఐదవ పాఠం: ‘తరువాత’ వేరు, ‘వలన’ వేరు

నాలుగవ పాఠంలో మూకీ చిత్రాల హాస్యనటుడు బస్టర్ కీటన్ జీవితాన్ని సంవత్సరాల వారీగా పట్టిక వేసుకుని, ఆ పట్టిక ఆధారంగా ఒక పేజీ వ్యాసం రాయమని అడిగాను. వచ్చిన వ్యాసాలన్నీ శ్రద్ధగా చదివాను. తేదీల విషయంలో దాదాపు ఎవరూ తప్పు చేయలేదు. 1895 అక్టోబరు 4న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పీక్వా అనే చిన్న ఊరిలో పుట్టడం, 1917లో హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ వెంట సినిమాలలో అడుగుపెట్టడం, 1966 ఫిబ్రవరి 1న కన్నుమూయడం అందరూ సరిగానే రాశారు. అయినా ఎక్కువ మంది ఒకే వాక్యం దగ్గర జారిపడ్డారు. మాటలు కొద్దిగా మారినా ఆ వాక్యం ఇది: “టాకీలు రావడంతో కీటన్ వెలుగు ఆరిపోయింది.” ఈ పాఠంలో వ్యాసానికి ఎత్తుగడ, అంటే ప్రారంభం, ఎలా ఉండాలో చెబుదామనుకున్నాను. ఆ వాక్యాన్ని సరిచేయకుండా ముందుకు వెళితే మిగిలిన పాఠాలన్నీ వ్యర్థమవుతాయి కనుక ఎత్తుగడను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ముందుగా ‘రావడంతో’ అనే మాటను పట్టి చూడండి. “వాన రావడంతో ఆట ఆగిపోయింది” అన్నప్పుడు వానే కారణమని వేరే చెప్పనక్కరలేదు. “చీకటి పడడంతో పక్షులు గూళ్ళకు చేరాయి” అన్నప్పుడు కాలమూ, కారణమూ రెండూ ఉన్నాయి. “ఆయన ఊరికి రావడంతో ఆవు ఈనింది” అంటే మాత్రం మనకు నవ్వు వస్తుంది. ఆ రెండింటికీ సంబంధం లేదని తెలుసు కాబట్టి. ఆ ‘తో’ కాలాన్నీ కారణాన్నీ ఒకే ముడి వేసి చేతికిస్తుంది. వార్త రాసే తొందరలో అది పనికివస్తుందేమో గాని జీవితకథలో కాదు. రుజువు చూపకుండానే కారణం చెప్పేసినట్లవుతుంది, చదివేవారు అడగరు, రాసేవారు వెతకరు. అందుకే ఆ ముడిని విప్పి రెండు వాక్యాలుగా రాసి చూసుకోవాలి. “టాకీలు వచ్చిన తరువాత కీటన్ ప్రాభవం తగ్గింది” అన్నది పట్టిక చెప్పే మాట. “టాకీలు వచ్చినందువలన తగ్గింది” అన్నది మీరు చెప్పే మాట, దానికి సాక్ష్యం మీరే తేవాలి.

సాక్ష్యం వెతికితే ఏం దొరుకుతుందో చూద్దాం. కీటన్ మాట్లాడడం రానివాడు కాదు. తల్లిదండ్రులతో కలిసి ‘త్రీ కీటన్స్’ పేరుతో చిన్ననాటి నుంచీ రంగస్థలం మీద పెరిగినవాడు. తండ్రి అతనిని పట్టి విసరడానికి వీలుగా చొక్కా వీపుకు సూట్‌కేసు పిడి కుట్టి ఉండేది. అటువంటివాడు గొంతు విప్పడానికి జంకుతాడా? ఇంకొక సాక్ష్యం దీనికంటే బలమైనది. 1929లో వచ్చిన ‘స్పైట్ మ్యారేజ్’ను మాటలతో తీద్దామని కీటనే కోరాడు, వద్దన్నది ఆయన పనిచేస్తున్న ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ స్టూడియో. తరువాత 1930 నుంచి 1933 వరకు ఆ సంస్థకే ఏడు మాటల చిత్రాలలో కథానాయకుడిగా నటించాడు. వాటిలో కొన్నింటిని స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ భాషలలో మళ్ళీ తీసినప్పుడు ఆ మాటలను వినికిడి మీద పట్టుకుని తానే పలికాడు. పైగా ఆ టాకీలు డబ్బు చేసుకున్నాయి. కాబట్టి ‘జనం తిరస్కరించారు’ అనే మాట కూడా నిలవదు.

అయితే మారినదేమిటి? దీనికి నేను ఎప్పుడూ వాడే ఉపాయం ఒకటి ఉంది. పట్టికలో సంవత్సరం, సంఘటన అనే రెండు నిలువు గడుల పక్కన మూడవ గడి గీసుకుంటాను. అందులో, ఆ సంవత్సరం కథ మీద చివరి మాట ఎవరిది, కత్తెర (చిత్రాన్ని కూర్చే పని) ఎవరి చేతిలో ఉంది అన్నది మాత్రమే రాస్తాను. కీటన్ పట్టికలో ఆ గడి 1920 నుంచి 1928 తొలి నెలల వరకు దాదాపు ఒకే పేరుతో నిండుతుంది, అది కీటన్ పేరే. డబ్బు పెట్టిన జోసెఫ్ షెంక్ పనిలో తలదూర్చేవాడు కాదు. కథకు మొదలూ చివరా దొరికితే చాలు, నడుమ భాగం తీస్తూ ఉంటే అదే వస్తుందన్నది ఆ చిన్న బృందం పద్ధతి. ఊహ తట్టని రోజున అందరూ కలిసి బేస్‌బాల్ ఆడేవారు.

ఆ గడిలో ఒక్క పేరే ఉండడం తెర మీద ఎలా కనిపిస్తుందో ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) లోని తుఫాను సన్నివేశంలో చూడండి. రెండంతస్తుల ఇంటి ముందు కీటన్ నిలబడి ఉంటాడు. ఆ ఇంటి ముందరి గోడ మొత్తం ఒక్కసారిగా ఆయన మీదికి వాలుతుంది. పైఅంతస్తు కిటికీ తెరిచి ఉన్న చోటు సరిగ్గా ఆయన తల మీదుగా, భుజాలకు అంగుళాల దూరంలో దిగుతుంది. గోడ నిజమైనది, బరువు నిజమైనది. పాదం కాస్త పక్కకు జరిగి ఉంటే మనిషి మిగలడు. ఆ ముఖంలో మాత్రం ఒక్క కండరం కదలదు. ఇటువంటి నిర్ణయం పెద్ద సంస్థలో కాగితాల మీద సంతకాలతో జరగదని నా నమ్మకం.

అదే సంవత్సరం ఆ గడిలోని పేరు మారింది. కీటన్ ఎం.జి.ఎం.తో ఒప్పందం చేసుకున్నాడు. వెళ్ళవద్దని తోటి హాస్యనటులు చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ చెప్పినా వినలేదని తరువాత ఆయనే చెప్పుకున్నాడు. అక్కడి మొదటి చిత్రం ‘ది కెమెరామన్’లో పాత కీటన్ ఇంకా కనిపిస్తాడు. క్రమంగా కథ ముందే రాసి చేతికివ్వడం, నిర్మాతల జోక్యం పెరిగాయి. అసలు ఈ మార్పుకు బీజం ఇంకా వెనుక ఉంది. 1926లో తన మూకీ చిత్రం ‘ది జనరల్’ కోసం అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ దగ్గర నిజమైన రైలింజనును మండుతున్న వంతెన మీదుగా నదిలోకి పడగొట్టి ఒకే టేకులో చిత్రీకరించారు. అంత ఖర్చు పెట్టిన చిత్రం ఆశించినంత రాబడి తేలేదు. శబ్దం లేని ఆ చిత్రపు లెక్కల పుస్తకమే ఆయన స్వేచ్ఛకు మొదటి గండి కొట్టిందని నేను అనుకుంటున్నాను. మాటల చిత్రాలకు బాట వేసిన ‘ది జాజ్ సింగర్’ విడుదలైంది దాని తరువాత, 1927 అక్టోబరులో.

తాగుడు, 1932లో నటాలీ టాల్మడ్జ్‌తో విడాకులు, 1933లో స్టూడియో తొలగించడం కూడా ఈ కాలంలోనివే. వీటిలో ఏది దేనికి కారణమో తేల్చలేని చోట తేల్చినట్లు రాయకండి. విడివిడి వాక్యాలుగా పక్కపక్కన ఉంచండి.

రెండవ పొరపాటు చిన్నది. ‘బస్టర్’ అనే పేరు ఇంద్రజాలికుడు హౌడినీ పెట్టాడని కొందరు నిర్ధారణగా రాశారు. మెట్ల మీద నుంచి పడిన పసివాడిని చూసి ఆయన ఆ మాట అన్నాడని కీటన్ కుటుంబం చెప్పుకునేది. “చెప్పుకునేవారు” అనే ఒక్క మాట చేర్చండి, చాలు.

మూడవది నాకు బాధ కలిగించింది. చాలా వ్యాసాలు 1933 దగ్గర ఆగి, ఒక్క గెంతులో 1966కు చేరాయి. నడుమ ముప్పై మూడేళ్ళు ఆ మనిషి బతికాడు, పనిచేశాడు. 1940లో ఎలినోర్ నారిస్‌ను పెళ్ళి చేసుకుని చివరి వరకు ఆమెతోనే ఉన్నాడు. ఇతరుల చిత్రాలకు హాస్య సన్నివేశాలు కల్పించాడు. 1947లో పారిస్‌లోని మెద్రానో సర్కసులో ఆడాడు. 1952లో చాప్లిన్ ‘లైమ్‌లైట్’లో కనిపించాడు. 1960లో గౌరవ ఆస్కార్ అందుకున్నాడు. ఇవన్నీ ‘విషాదాంతం’ అనే మాటలో ఇమడవు. ఆ మాటను ఈ పాఠమాలలో ఇక ఎవరూ వాడవద్దని కోరుతున్నాను.

అభ్యాసం: 1926 నుంచి 1933 వరకు కీటన్ జీవితాన్ని పన్నెండు వాక్యాలలో రాయండి. అందులో ‘రావడంతో’, ‘పోవడంతో’ వంటి మాట ఒక్కటి కూడా ఉండకూడదు. ‘వలన’ రెండుసార్లు మాత్రమే వాడవచ్చు, వాడిన ప్రతిచోటా ఆ నిర్ణయం తీసుకున్నవారు ఎవరో అదే వాక్యంలో చెప్పాలి. రాసే ముందు ‘ది జనరల్’ను, ఏడు టాకీలలో ఏదైనా ఒకదానిని పూర్తిగా చూడండి. రెండింటిలోనూ కీటన్ ఒంటరిగా ఏదైనా వస్తువుతో పెనుగులాడే సన్నివేశం ఒకటి ఎంచుకుని, ఎక్కడెక్కడ షాట్ మారిందో లెక్కపెట్టి, ఆ రెండు అంకెలనూ వ్యాసం చివర రాసి పంపండి. ఎత్తుగడ పాఠాన్ని ఆ అంకెల దగ్గరి నుంచే మొదలుపెడతాను.