గొర్రెల ట్యాగు రీడర్ చదవట్లేదా? రీడర్‌ని వెనక్కి పంపే ముందు ఇవి చూడండి

గొర్రెలు, మేకల ఫామ్‌ల నుంచి ఫోన్ వస్తే మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "రీడర్ పాడైపోయిందండీ" అని. చెవి ట్యాగులోని చిప్ నంబరు చదివే ఈ రీడర్లు అంత తేలిగ్గా పాడవవు. ట్యాగు వేయడం, రీడర్ ఛార్జింగ్, బ్లూటూత్ కలపడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: ఒక్క ట్యాగునీ చదవట్లేదు

ముందు చెవికి ఉన్నది ఏ ట్యాగో చూడండి. దయచేసి చూడండి. పశుసంవర్ధక శాఖ వాళ్లు భారత్ పశుధన్ అనే ప్రభుత్వ పశువుల రికార్డులో నమోదు చేసి వేసే పసుపు ట్యాగు మీద 12 అంకెల నంబరు, బార్‌కోడ్ ఉంటాయి. అందులో చిప్ ఉండదు. దాని దగ్గర రీడర్ ఎంతసేపు నొక్కినా కూత రాదు.

చిప్ ట్యాగే అయితే ఏ ఫ్రీక్వెన్సీదో ప్యాకెట్ మీద చదవండి. పశువుల ట్యాగులకు ప్రపంచమంతా వాడేది 134.2 కిలోహెర్ట్జ్, దాని మీద ఐఎస్ఓ 11784, 11785 అని అంతర్జాతీయ ప్రమాణాల నంబర్లు రాసి ఉంటాయి. చవగ్గా వస్తున్నాయని ఆన్‌లైన్‌లో తెప్పించినవి చాలాసార్లు యూహెచ్ఎఫ్ రకం, అంటే ఇంకా చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీవి అయి ఉంటాయి. ఒకదాని రీడర్ ఇంకోదాన్ని చదవదు. ఫోన్‌లో దగ్గరి చిప్‌లని చదివే ఎన్ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్ కాబట్టి అది రెండిటికీ పనికిరాదు.

134.2లో మళ్లీ చిప్ జవాబిచ్చే పద్ధతిని బట్టి ఎఫ్‌డీఎక్స్-బి, హెచ్‌డీఎక్స్ అని రెండు రకాలు. రీడర్ సెట్టింగ్స్‌లో మీ రకం ఆఫ్ అయి ఉందేమో చూడండి. కొత్త ట్యాగుని చెవికి కొట్టే ముందే ఒకసారి చదివించుకుంటే ఈ గొడవలన్నీ టేబుల్ దగ్గరే తేలిపోతాయి. పది సెకన్ల పని. అయినా ఎవరూ చేయరు.

సమస్య: ట్యాగు వేశాం, మేక ఎక్కడుందో ఫోన్‌లో కనపడట్లేదు

కనపడదు. ఈ ట్యాగులో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. రీడర్ దగ్గరికొచ్చినప్పుడు దాని శక్తితోనే చిప్ మేలుకుని నంబరు చెప్తుంది. జీవాల రాకపోకలు తెలియడం అంటే గేటు దగ్గరో, సంతలోనో, లారీ ఎక్కించేటప్పుడో చదివి రాసుకున్న లెక్క మాత్రమే. మేత మీదున్న మంద ఎక్కడుందో తెలియాలంటే జీపీఎస్ కాలర్ కావాలి. అది వేరే ఖర్చు.

సమస్య: బయట బాగా చదువుతుంది, షెడ్డులో చదవదు

అసలు తలనొప్పి ఇదే. పొద్దున చదివిన రీడర్ సాయంత్రం చదవదు. ఒక ఫామ్‌లో ఇలాగే రీడర్ మార్చారు, ట్యాగులు మార్చారు, కొత్త రీడర్ కూడా సాయంత్రం ఆరు దాటితే మొండికేసింది. ఆరింటికి అక్కడ మారింది ఒక్కటే, ఎల్ఈడీ లైట్లు వేశారు.

కారణం కరెంటు రొద. ట్యాగు ఇచ్చే జవాబు చాలా బలహీనంగా ఉంటుంది. చవక ఎల్ఈడీ లైట్లు, మొబైల్ అడాప్టర్లు, సీసీటీవీ సప్లై, ఇన్వర్టర్, సోలార్ పంపు కంట్రోలర్ లోపల సెకనుకి వేలసార్లు కరెంటుని ఆపి వదులుతుంటాయి. చాలా అడాప్టర్లు 65 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి. దానికి రెట్టింపు 130, అంటే దాదాపు ట్యాగు మాట్లాడే చోటే. డీజే బాక్స్ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టుంటుంది రీడర్ పరిస్థితి. అందుకే పూర్తిగా ఆగిపోదు, దూరం తగ్గుతుంది. జానెడు దూరం నుంచి పట్టేది, చెవికి ఆనిస్తే తప్ప పట్టదు. మనమేమో బ్యాటరీ వీకైందనుకుంటాం.

తేల్చుకోవడం ఇలా. చేతిలో ఒక విడి ట్యాగు, ఒక స్కేలు తీసుకుని షెడ్డుకి దూరంగా, కరెంటు తీగలు లేని చోటుకి వెళ్లండి. ట్యాగుని మెల్లగా దగ్గరికి తెస్తూ ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కూత వచ్చిందో రాసుకోండి. షెడ్డులో గొర్రెలు వెళ్లే దారి దగ్గర అదే ట్యాగుతో, అదే తీరున పట్టుకుని మళ్లీ కొలవండి. సగానికి పడిపోతే రొద ఉన్నట్టే. ఇప్పుడు మెయిన్ ఆఫ్ చేసి కొలవండి.

దాదాపు అందరూ బోల్తాపడేది ఇక్కడే. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, రొద ఇంకా పెరుగుతుంది. "కరెంటు తీసినా చదవలేదు సార్, కాబట్టి రీడర్‌దే తప్పు" అంటారు. ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపి, షెడ్డు పూర్తిగా చీకటి అయ్యాక కొలవండి. దూరం తిరిగొస్తే ఒక్కొక్కటే వేసుకుంటూ రండి, ఏది వేయగానే పడిపోయిందో అదే దొంగ. ఇంట్లో పాత మీడియం వేవ్ రేడియో ఉంటే ఇంకా సుఖం. స్టేషన్ లేని చోట పెట్టి లైట్ల కింద తిప్పండి, గుర్రుమనే చోటు తెలిసిపోతుంది. కరెంటు కంచె ఉంటే సెకనుకోసారి టక్‌మంటుంది, అదీ వినిపిస్తుంది.

దొరికాక చేయాల్సింది పెద్దగా లేదు. ఆ లైటునో అడాప్టర్‌నో రెండు మూడు మీటర్ల అవతలికి జరపండి, లేదా కాస్త మంచి రకం వేయండి. జీవాలు దాటుతుంటే చదివేలా గేటు దగ్గర బిగించే రీడర్ ప్యానెల్ ఉంటే, దాన్ని అడాప్టర్ మీద కాకుండా 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి. ప్యానెల్‌ని కొంచెం పక్కకి తిప్పి చూడండి, ఒక్కో కోణంలో రొద బాగా తగ్గుతుంది. చేతి రీడర్‌ని ఛార్జింగ్‌లో ఉంచి మాత్రం చదవొద్దు.

సమస్య: గేటు ప్యానెల్ కొన్నిటిని వదిలేస్తోంది

రెండు ట్యాగులు ఒకేసారి ప్యానెల్ ముందుకొస్తే రెండూ కలిసి అరుస్తాయి, తరచూ ఏదీ నమోదవదు. ఒక్కో జీవమే పట్టేలా దారి ఇరుకు చేయండి. పనిచేసేవాళ్ల జేబులు కూడా చూడండి. చచ్చిన గొర్రె చెవి నుంచి తీసిన ట్యాగో, కొత్త ట్యాగుల ప్యాకెట్టో పెట్టుకుని ప్యానెల్ పక్కనే నిలబడి ఉంటారు. ప్యానెల్‌ని నేరుగా ఇనుప జీఐ పైపులకు కట్టేస్తే కూడా దూరం పడిపోతుంది, మధ్యలో చెక్క పెట్టండి.

సమస్య: చదివింది, కానీ లిస్టులో అన్నిటికీ ఒకే నంబరు

ఇది ఎక్సెల్ పని. చిప్ నంబరు 15 అంకెలు, మన దేశం కోడ్‌తో వచ్చినవైతే 356తో మొదలవుతాయి. రీడర్ నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 3.56ఈ+14 అని చూపిస్తుంది. అలాగే సేవ్ చేశారంటే మంద మొత్తానికి అదే నంబరు, అసలు అంకెలు ఇక రావు. 12 అంకెల పసుపు ట్యాగు నంబర్లకూ ఇదే గతి. డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. రీడర్‌లో ఉన్న ఒరిజినల్‌ని, అమ్మకం లెక్క తేలేదాకా చెరిపేయకండి.

ఇక చిప్ చచ్చిపోవడం, ఫ్యాక్టరీలోనే రెండు ట్యాగులకు ఒకే నంబరు పడటం లాంటివి ఉంటాయి గానీ అరుదు. ఆ ఒక్క ట్యాగు మార్చేసి, పాత నంబరు పక్కన కొత్తది రాసుకుంటే సరిపోతుంది.