పైథాన్ నేర్చుకుందాం – 7: క్లాసు ఒకటి, కార్డులు ఎన్నైనా

పోయిన పాఠంలో మెట్రో కార్డు నిల్వను డిక్షనరీలో దాచాం. రీచార్జ్ చేసే ఫంక్షన్ వేరేచోట ఉంది. ఒక్క కార్డుకైతే ఇబ్బంది లేదు. అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కేవాళ్లంతా తలా ఒక కార్డుతో వస్తే ఏ నిల్వ ఎవరిదో చూసుకోవడమే పెద్ద పని అవుతుంది. అందుకే డేటాను, దానిమీద పనిచేసే ఫంక్షన్లను కలిపి క్లాసుగా రాస్తాం. నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67 భాషలోనే క్లాసులు మొదట వచ్చాయి.

క్లాస్ కార్డు:
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, నిల్వ):
        సెల్ఫ్.నిల్వ = నిల్వ
    డెఫ్ రీచార్జ్(సెల్ఫ్, మొత్తం):
        సెల్ఫ్.నిల్వ += మొత్తం

సీత = కార్డు(200)
రాము = కార్డు(50)
సీత.రీచార్జ్(100)

క్లాస్ (class), డెఫ్ (def), ఇనిట్ (__init__) అనే మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. మనం పెట్టుకున్న పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. సెల్ఫ్ (self) అనేది కీవర్డు, అంటే పైథాన్ తనకోసం ఉంచుకున్న మాట కాదు, ఆనవాయితీ. అయినా అందరిలాగే ఇంగ్లీషులో అదే పేరు వాడండి. మీ కోడ్ చదివేవాళ్లకు సుఖం.

క్లాసు రాసినంత మాత్రాన ఒక్క కార్డూ తయారుకాదు. కార్డు(200) అన్నప్పుడే పైథాన్ కొత్త ఆబ్జెక్టును, అంటే ఆ క్లాసు ప్రకారం ఒక కార్డును సృష్టించి, దాన్ని సెల్ఫ్‌గా ఇనిట్‌కు అందిస్తుంది. సీత.రీచార్జ్(100) అన్నా, కార్డు.రీచార్జ్(సీత, 100) అన్నా జరిగేది ఒకటే. ఈ రెండో రూపాన్ని ఒకసారి స్వయంగా టైపు చేసి చూడండి, సెల్ఫ్ ఎక్కడినుంచి వస్తుందన్న సందేహం ఇక రాదు. ఇప్పుడు సీత నిల్వ 300, రాముది 50.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ప్రయాణాల జాబితా కావాలని ఇనిట్‌కు బయట, నేరుగా క్లాసులో

    ప్రయాణాలు = []

అని రాస్తే ఆ జాబితా కార్డులన్నిటికీ ఉమ్మడి ఆస్తి. సీత జాబితాకు మియాపూర్ చేరిస్తే రాము జాబితాలోనూ మియాపూర్ కనిపిస్తుంది. పైథాన్ ఏ తప్పూ చూపించదు, లెక్క మాత్రం చెడిపోతుంది. ఏ కార్డు జాబితా ఆ కార్డుకే ఉండాలంటే, ఇనిట్ లోపల

        సెల్ఫ్.ప్రయాణాలు = []

అని రాయాలి. సంస్థ పేరులాగా అన్ని కార్డులకూ ఒకటే అయిన విలువకు క్లాసు స్థాయే సరైన చోటు.

అభ్యాసం: చార్జీ తీసుకుని నిల్వలోంచి తగ్గించే ప్రయాణం అనే మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) రాయండి. నిల్వ చాలకపోతే ఏమీ తగ్గించకూడదు. తరువాత గీత = సీత అని రాసి, గీత చేత ప్రయాణం చేయించి, సీత నిల్వను ప్రింట్ చేయండి. నడిపే ముందే జవాబు కాగితంమీద రాసుకోండి. ఆధారం కావాలంటే, ప్రోగ్రాం మొత్తంలో కార్డు పక్కన బ్రాకెట్లు పెట్టి ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టండి.