కోస్టారికా సర్ఫ్ ఊళ్లో వెంచర్‌కి స్థలం కొనాలంటే: ముందు నీళ్లు, తర్వాతే వ్యూ

కోస్టారికా పసిఫిక్ తీరంలో తమరిండో, నొసారా, సాంటా తెరెసా లాంటి ఊళ్లకి స్థలం చూడ్డానికి వెళ్తే బ్రోకర్ మిమ్మల్ని ముందు తీసుకెళ్లేది కొండ మీదికి, అదీ సూర్యుడు దిగే వేళకి. కింద అలలు, చెట్ల మీద హౌలర్ కోతుల అరుపులు, చేతిలో చల్లటి కొబ్బరిబోండాం. ఆ పూట అడ్వాన్స్ ఇవ్వకుండా కిందికి దిగి రండి, సగం గండం గడిచినట్టే. వ్యూ ఎక్కడికీ పోదు. నాలుగు విల్లాలు కట్టాలన్నా, చిన్న హోటల్ పెట్టాలన్నా, ప్లాట్లు చేసి అమ్మాలన్నా ఆ కొండకి నీళ్లు ఇస్తామని రాసిచ్చిన కాగితం ఉందా లేదా అన్నదాన్ని బట్టే దాని విలువ. కాబట్టి ముందు భూమి రకం చూడండి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత చెట్లూ వాగులూ దారీ, ఆఖరికి బేరం. చాలామంది ఈ వరసని తలకిందులు చేసి, బేరంతో మొదలుపెట్టి నీళ్ల దగ్గర ఇరుక్కుంటారు.

భూమి రకం దగ్గరే సగం మోసాలు జరుగుతాయి. 1977లో వచ్చిన 6043 నంబరు చట్టం ప్రకారం సముద్రపు పోటు గీత నుంచి లోపలికి 200 మీటర్ల పట్టీ ప్రభుత్వానిది. అందులో మొదటి 50 మీటర్లు జనం నడిచే జాగా, అక్కడ కంచె కూడా వెయ్యకూడదు. మిగతా 150 మీటర్లలో మున్సిపాలిటీ ఇచ్చేది కన్సెషన్ మాత్రమే, అంటే 5 నుంచి 20 ఏళ్ల లీజు లాంటిది, అదీ ఆ తీరానికి ఆమోదం పొందిన మాస్టర్ ప్లాన్ ఉంటేనే. విదేశీయులైతే ఆ దేశంలో కనీసం ఐదేళ్లు నివాసం ఉండి ఉండాలి, కంపెనీ పేరు మీద అయితే విదేశీయుల వాటా సగం దాటకూడదు. దీనికి అక్కడ అందరూ చెప్పే ఉపాయం ఒకటుంది, సగానికి పైన వాటా ఒక లోకల్ మనిషి పేరు మీద పెట్టేద్దాం అని. అది బినామీయే. రేపు ఆ మనిషికి విడాకులైనా, అప్పులైనా, బుద్ధి మారినా మీ విల్లా ఆయన గొడవల్లో భాగమైపోతుంది. 1977కి ముందే రిజిస్టరైన సొంత పట్టాలు తీరం వెంట అక్కడక్కడా ఉన్నాయి గానీ అవి తక్కువ, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఆ 200 మీటర్లు దాటాక రిజిస్టరైన పట్టా భూమి అయితే ఏ ఇబ్బందీ లేదు, అక్కడివాళ్లకి ఎంత హక్కు ఉంటుందో టూరిస్టుగా దిగిన విదేశీయుడికీ అంతే. నడిచి ఐదు నిమిషాల్లో అలల దగ్గరికి చేరే పట్టా స్థలం, అలల ముందే ఉన్న కన్సెషన్ కన్నా నూరుపాళ్లు నయం. ఇది నా అభిప్రాయం, లీజు వ్యవహారాల్లో చెయ్యి తిరిగినవాళ్లు వేరేగా చెప్పొచ్చు.

మూడో రకం కూడా మీ ముందుకొస్తుంది, అదే చవకది. దెరేచో దె పొసెసియోన్ అంటారు, రిజిస్ట్రేషన్ లేకుండా ఒట్టి అనుభవం మీద నడిచే భూమి. పదేళ్ల అనుభవం చూపించి కోర్టు ద్వారా పట్టా తెచ్చుకునే దారి ఉంది గానీ, ఆ పని అమ్మేవాడి చేత చేయించండి, మీరు నెత్తిన వేసుకోవద్దు. కరీబియన్ వైపు ప్యూర్తో వియేహో దగ్గర చూస్తున్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి, చుట్టుపక్కల కేకోల్ది లాంటి ఆదివాసీ రిజర్వులున్నాయి, వాటి లోపలి భూమి ఆదివాసీలు కానివాళ్లకి అమ్మకూడదు. ఎవరు ఎంత తక్కువకి ఇస్తామన్నా సరే.

ఇదంతా ఒక్క నంబరులో చాలావరకు కనిపిస్తుంది. అమ్మేవాణ్ని ఫోలియో రియాల్ నంబరు, అంటే ఆ ఆస్తి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఉదాహరణకి 5-123456-000 లా ఉంటుంది. మొదటి అంకె ప్రావిన్సు: 5 అంటే గ్వానకాస్తె, అంటే తమరిండో, నొసారా. 6 అంటే పుంతరేనస్, సాంటా తెరెసా, హాకో, పవోనెస్ అందులోకి వస్తాయి. 7 అంటే లిమోన్, ప్యూర్తో వియేహో వైపు. చివర 000 ఉంటే మొత్తం ఒకరి పేరు మీదే ఉందని లెక్క. 001, 002 అని ఉంటే అది ఉమ్మడి ఆస్తిలో వాటా, మిగతా వాటాదార్లు ఎవరో తేలకుండా ముందుకెళ్లొద్దు. మధ్యలో ఎఫ్ అక్షరం ఉంటే కాండొమినియంలో యూనిట్, జెడ్ ఉంటే కన్సెషన్. సొంత పట్టా అని చెప్పి జెడ్ ఉన్న నంబరు చేతిలో పెడితే ఇంక మాట్లాడాల్సింది ఏమీ లేదు. నేషనల్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఓనరు పేరు, తనఖాలు, కోర్టు నోట్లు, దారి హక్కులు అన్నీ వస్తాయి. స్పానిష్ రాకపోయినా ట్రాన్స్‌లేటర్‌తో అరగంట పని. దాంతోపాటు ప్లానో కతస్త్రాదో అడగండి, అది సర్వే పటం. పటంలో ఉన్న విస్తీర్ణం, రిజిస్ట్రీలో ఉన్న విస్తీర్ణం, నేల మీద మీ సర్వేయరు కొలిచిన విస్తీర్ణం మూడూ కలవాలి. పాత పశువుల పొలాలు ముక్కలై వచ్చినచోట కలవకపోవడమే ఎక్కువ.

ఇక నీళ్లు. గ్వానకాస్తెలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా చుక్క రాలదన్నట్టే ఉంటుంది, టూరిస్టులు పోటెత్తేదీ అప్పుడే. ఊరి నీటి సరఫరాని ఆయా అనే జాతీయ సంస్థ గానీ, అసాదా అనే ఊరి నీటి సంఘం గానీ చూస్తుంది. వాళ్లు ఇచ్చే కార్తా దె దిస్పోనిబిలిదాద్, అంటే నీళ్లు ఇవ్వగలమన్న లెటరు, లేకుండా బిల్డింగ్ పర్మిట్ రాదు. కొన్ని సంఘాలు మా దగ్గర నీళ్లు లేవని ఏళ్ల తరబడి కొత్త కనెక్షన్లు ఆపేస్తాయి కూడా.

ఆ లెటరు చేతికొచ్చాక తేదీ చూడండి, దానికి గడువు ఉంటుంది. ఏ ఫోలియో నంబరుకి, ఏ సర్వే పటానికి ఇచ్చారో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎన్ని కనెక్షన్లకి ఇచ్చారో చూడండి. ఒక ఇంటికి ఇచ్చిన లెటరు చూపించి ఎనిమిది ప్లాట్ల భూమిగా అమ్మడం అక్కడ మామూలే, అమ్మేవాడు అబద్ధం కూడా చెప్పినట్టు కాదు, నీళ్లున్నాయా అని మీరడిగారు, ఉన్నాయన్నాడు. మీటరు కళ్లెదురుగా కనిపించినా అదే కథ. పెద్ద పొలంలోంచి ముక్క కోసి మీకు అమ్మితే మీటరు పాత పొలంతోనే ఉండిపోవచ్చు. అందుకే బ్రోకర్‌ని పక్కనపెట్టి అసాదా ఆఫీసుకి మీరే వెళ్లండి, సాధారణంగా అదొక చిన్న గది, ఒకరిద్దరు మనుషులు. ఇన్ని యూనిట్లు కడతాం, ఇస్తారా అని నేరుగా అడగండి. వాళ్ల ముఖం చూస్తేనే సగం తెలిసిపోతుంది, మిగతా సగం కాగితం మీద తీసుకోండి.

బోరు ఉంది కదా అంటారు. బోరు రిజిస్టరైందా, దాని నీళ్లు వాడుకోడానికి పర్యావరణ శాఖ అనుమతి (దీన్నీ కన్సెషన్ అనే అంటారు) ఉందా, ఆ కన్సెషన్‌లో ఏ వాడకం రాశారు, సెకనుకి ఎన్ని లీటర్లు రాశారు? పశువులకని తీసుకున్న బోరు హోటలుకి పనికిరాదు. తీరానికి దగ్గరైతే ఎక్కువ తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది, అందుకే అక్కడ కొత్త బోర్లకి అనుమతి కష్టం. టెస్టు చేయిస్తే మార్చి, ఏప్రిల్‌లో చేయించండి, అక్టోబరులో ఏ బోరయినా పొంగుతుంది.

వచ్చే నీళ్ల సంగతి ఎంతో పోయే నీళ్ల సంగతీ అంతే. ఈ ఊళ్లలో చాలావాటికి డ్రైనేజీ లైను లేదు. ఒక ఇంటికి సెప్టిక్ ట్యాంకు సరిపోవచ్చు గానీ, యూనిట్లు పెరిగితే ట్రీట్‌మెంట్ ప్లాంటు, దానికి వేరే జాగా. బంకమట్టి నేల నీళ్లు పీల్చదు కాబట్టి ఇంకిపోయే టెస్టు కొనకముందే చేయించండి.

చెట్ల విషయం. 1996 నాటి 7575 అటవీ చట్టం అడవిని వేరే వాడకానికి మార్చడాన్ని నిషేధించింది, మీ పేరు మీదున్న అడవి అయినా సరే. చట్టం లెక్కలో అడవి అంటే 2 హెక్టార్లు లేదా పైన ఉండి, కొమ్మల నీడ 70 శాతానికి మించి కప్పేసి, ఛాతీ ఎత్తులో 15 సెంటీమీటర్లు అంతకు మించి లావున్న చెట్లు హెక్టారుకి 60 దాటి ఉన్నది. పాత పచ్చికబయళ్లు వదిలేస్తే ఆ వానలకి కొన్నేళ్లలోనే అలా తయారవుతాయి. కాబట్టి పచ్చగా ఉంది కదా అని మురిసిపోయే ముందు ఒక ఫారెస్ట్రీ ఇంజనీరుకి ఫీజిచ్చి స్థలం తిప్పండి. కొనకముందే గుట్టుగా నరికించేద్దాం అనే సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు, పాత శాటిలైట్ ఫొటోలు అందరికీ దొరుకుతాయి, కేసు పడేది భూమి మీద.

వాగులకి అదే చట్టం దూరాలు పెట్టింది. ఎప్పుడూ పారే ఊట చుట్టూ 100 మీటర్లు వదలాలి. వాగు, నది అయితే పల్లె ప్రాంతంలో రెండు పక్కలా 15 మీటర్లు, పట్టణంలో 10, నేల బాగా వాలుగా ఉంటే 50. ఎండాకాలంలో ఎండు గాడిలా కనిపించేది కూడా అధికారిక మ్యాపులో వాగే కావచ్చు. అది స్థలం మధ్యలోంచి పోతే మీరు డబ్బిచ్చిన దాంట్లో కట్టడానికి మిగిలేది ఎంతో కాగితం మీద గీసి చూసుకోండి. మడ అడవులు ప్రభుత్వానివే. నొసారాలో తీరం వెంట ఒస్తియొనాల్ అభయారణ్యం ఉంది, తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, అక్కడ దీపాల వెలుతురు మీద కూడా పట్టింపులుంటాయి.

దారి గురించి తక్కువే చెప్తాను. సర్వే పటంలో ముందున్నది పబ్లిక్ రోడ్డా, పక్కవాడి భూమిలోంచి ఇచ్చిన దారి హక్కా అన్నది రాసుంటుంది. దారి హక్కు అయితే దాని వెడల్పుని బట్టి ఎన్ని ప్లాట్లు చెయ్యనిస్తారో మారిపోతుంది. వ్యవసాయ పార్శిళ్లుగా కోసిన భూమి అయితే కట్టడాలన్నీ కలిపి 15 శాతం మించకూడదు. మున్సిపాలిటీ నుంచి ఉసో దె స్వేలో సర్టిఫికెట్, అంటే ఆ భూమిలో ఏం కట్టొచ్చో చెప్పే కాగితం, తీసుకోకుండా ప్లాన్లు గీయించొద్దు. పసిఫిక్ వైపు స్థలాన్ని ఒకసారి సెప్టెంబరులో గానీ అక్టోబరులో గానీ చూడండి. ఫిబ్రవరిలో దుమ్ము రేగే మట్టిరోడ్డు అప్పుడు ఎలా ఉంటుందో, కొండ ఎక్కడ జారుతుందో కళ్లారా కనిపిస్తుంది. కరీబియన్ వైపు మాత్రం ఆ రెండు నెలలే కాస్త పొడి.

ఇవన్నీ తేలాక బేరం. మీ లాయరు మీకే ఉండాలి, అమ్మేవాడి లాయరే ఇద్దరికీ చేసిపెడతానంటే వద్దనండి. అక్కడ దస్తావేజు రాసే నోటరీ కూడా లాయరే. ఒప్పందంలో షరతులు పెట్టించండి: ఇన్ని యూనిట్లకి నీళ్ల లెటరు, ఉసో దె స్వేలో సర్టిఫికెట్, సర్వే కలవడం. రాకపోతే అడ్వాన్స్ వాపసు. ఆ అడ్వాన్స్ అమ్మేవాడి చేతికి కాదు, సూహెఫ్ అనే ఆర్థిక నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన ఎస్క్రో కంపెనీకి, అంటే బేరం తేలేదాకా మధ్యవర్తిగా డబ్బు పట్టుకునే కంపెనీకి వెళ్లాలి. ఆ కంపెనీ మీ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అడుగుతుంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే సిద్ధం చేసుకోకపోతే అక్కడే వారాలు పోతాయి, టెన్షన్ వేరే. ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ 1.5 శాతం, స్టాంపులు, నోటరీ ఫీజు కలిపితే సుమారు 4 శాతం దాకా తేలుతుంది. ఎవరు ఎంత పెట్టుకోవాలో మాట్లాడుకోవచ్చు. అమ్మేవాడు ఆ దేశ నివాసి కాకపోతే ధరలో 2.5 శాతం మీరే పట్టుకుని పన్ను శాఖకి కట్టాలి, ఈ ముక్క చాలామంది బ్రోకర్లు చెప్పరు.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఖాళీ స్థలాన్ని అలా వదిలేసి వచ్చెయ్యొద్దు. ఎవరైనా దిగి మూడు నెలలు దాటితే పోలీసులతో ఖాళీ చేయించడం కుదరదు, కోర్టుకే వెళ్లాలి. కంచె వేయించండి, కాపలా మనిషిని పెట్టండి, పెట్టినవాణ్ని ఉద్యోగిగా కాహా అనే సామాజిక భద్రతా సంస్థలో నమోదు చేసి నెలనెలా జీతం రసీదులు దాచుకోండి. రసీదులు లేకపోతే కాపలా ఉన్నవాడే పదేళ్ల తర్వాత ఈ భూమి నాదంటాడు. మున్సిపాలిటీలో విలువ డిక్లేర్ చేసి ఏడాదికి 0.25 శాతం ఆస్తిపన్ను కట్టుకోండి. కంపెనీ పేరు మీద కొంటే దాని వార్షిక పన్ను జనవరిలో, అసలు యజమానులు ఎవరో చెప్పే డిక్లరేషన్ ఏప్రిల్‌లో. ఈ తేదీలు మీ అకౌంటెంటుకి కూడా గుర్తుచెయ్యండి.