కరువు ప్రణాళికలో ఆడవారి విత్తన పరిజ్ఞానాన్ని నమోదు చేసే విధానం

అనంతపురం ప్రాంతంలో ఏటా కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే. అది కూడా వానకూ వానకూ నడుమ వారాల తరబడి ఎడమిచ్చి కురుస్తుంది కనుక, ఏ విత్తనం ఎన్నాళ్లు బెట్టకు ఓర్చుకుంటుందన్నదే ఇక్కడి మెట్ట సాగుకు మొదటి ప్రశ్న. దానికి జవాబు తెలిసింది విత్తనం దాచే ఆడవారికి; ఊరి కరువు ప్రణాళిక రాసేవారు పిలిచేది మాత్రం భూమి పాసుపుస్తకం ఉన్నవారిని. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో మహిళల సాగులో ఉన్నవి దాదాపు 14 శాతమే కాబట్టి, అటువంటి సమావేశంలో ఆడవారు కనిపించకపోవడం వింతేమీ కాదు.

అందువల్ల వారిని పిలిపించడం మాని, వారు పనిచేసే చోటికే వెళ్లాలి. రోహిణి కార్తెలో విత్తనానికి వేరుశనగ కాయలు వలిచే అరుగు ఇందుకు ఎంతో అనువైనది. ఏ గింజను విత్తనానికి ఉంచుతున్నారో, దేన్ని ఏరి పారేస్తున్నారో కళ్ల ముందే తెలుస్తుంది. "మీ అనుభవం చెప్పండి" అంటే ఎవరూ నోరు విప్పరు. "అక్కా, ఈ గింజ ఎందుకు పక్కన పెట్టినావు?" అని అడగాలి. నా మటుకు పది పుటల ప్రశ్నావళి కన్నా ఈ ఒక్క ప్రశ్నే మేలు. ఆపై కొర్ర, సజ్జ, కంది, అలసంద, అనుము ఒక్కొక్కటిగా పేరెత్తి, వాన తప్పిన ఏడు ఏది నిలిచిందో, పశువులకు మేత దేనివల్ల మిగిలిందో, విత్తనాన్ని బూడిదలో దాచారో, వేపాకు వేశారో, కందులకు ఎర్రమట్టి పట్టించారో అడిగి రాసుకోవాలి. విత్తిన కాలాన్ని కార్తెల పేర్లతోను, నేల పదునును వారు చెప్పిన కొలతతోను ఉన్నదున్నట్లు నమోదు చేయాలి. మిల్లీమీటర్ల లెక్క తరువాత చూసుకోవచ్చు.

చెప్పిందల్లా వేదమని కాదు. దాచిన వేరుశనగలో 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, తడి ఆరనివ్వకుండా పది రోజులు ఉంచి, మొలిచినవాటిని లెక్కించాలి. ధ్రువీకృత వేరుశనగ విత్తనానికి కనీస ప్రమాణం 70 శాతం మొలక; అంతకు తగ్గితే విత్తన మోతాదు పెంచాలి, లేదా వేరే విత్తనం చూసుకోవాలి.

భూమి లేని కూలీలనూ, ఒంటరి మహిళలనూ, గొర్రెలు మేపేవారినీ విడిగా కలవాలి, ఎందుకంటే పెద్ద రైతుల ఇంటి ఆడవారి ఎదుట వారు మాట్లాడరు. చివరగా, రాసినదాన్ని పొదుపు సంఘంలో చదివి వినిపించి, తప్పులు దిద్దించుకుని, చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరుతోనే ప్రణాళికలో చేర్చాలి. విత్తన నిల్వ బాధ్యతను వారికి అప్పగించేటట్లయితే, ఆ పనికి కూలి ఎంతో కూడా అదే పుటలో రాయాలి.