గూగుల్ వర్క్‌స్పేస్ నుంచి మైక్రోసాఫ్ట్ 365కి: ఆఫీసు మెయిల్, ఫైళ్లు, క్యాలెండర్ మార్చే పద్ధతి

విశాఖ హార్బర్ పనుల మీద నడిచే, సరుకుకు కస్టమ్స్ అనుమతులు చేయించే ఒక క్లియరింగ్ ఏజెన్సీ అనుకోండి. గాజువాకలో ఆఫీసు, 25 మంది సిబ్బంది. ఏళ్ల తరబడి గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతున్నారు, ఇప్పుడు మైక్రోసాఫ్ట్ 365కి మారాలి. పాత మెయిళ్లు కాపీ చేసే సాధనాన్ని మైక్రోసాఫ్టే ఇస్తుంది, అది తన పని తాను చేసుకుపోతుంది. సోమవారం ఉదయం పని ఆపేవి వేరే ఉంటాయి. స్కానర్ మెయిల్ పంపనంటుంది. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్ ఓటీపీ ఎవరి మెయిల్ పెట్టెలో పడిందో తెలియదు. డీఎన్ఎస్ (డొమైన్‌కు వచ్చే మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పే సెట్టింగులు) మార్చాలంటే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా ఉండదు. అందుకే సాధనం తెరిచేముందు కాగితం మీద పని చాలా ఉంది.

ముందు డొమైన్ తాళం చెవి

చిన్న ఆఫీసుల్లో డొమైన్‌ను (మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే పేరు) చాలాసార్లు వెబ్‌సైట్ చేసిచ్చిన మనిషే తన ఖాతాలో కొని ఉంటాడు. ఆయన నంబరు మారిపోయి ఉండొచ్చు. డొమైన్ కొన్నచోటే డీఎన్ఎస్ రికార్డులు ఉండాలని కూడా లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్‌తో నేమ్ సర్వర్లు చూస్తే రికార్డులు ఎవరి దగ్గరున్నాయో తెలుస్తుంది. ఆ ప్యానెల్‌లోకి లాగిన్ అయి, ఒక ఉత్తుత్తి టీఎక్స్‌టీ రికార్డు పెట్టి, తీసేసి చూడండి. అది జరిగేదాకా లైసెన్సులు కొనకండి.

తర్వాత మెయిల్ ఐడీల జాబితా. మనుషుల ఐడీలు ఒక వరుస. అకౌంట్స్, ఎక్స్‌పోర్ట్స్, ఇన్ఫో లాంటి ఉమ్మడి ఐడీలు ఇంకో వరుస. మారుపేర్లు, మానేసినవాళ్ల ఐడీలు వేరే. ఉమ్మడి ఐడీలకు డబ్బు కట్టి లైసెన్సు తీసుకోనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్‌లో షేర్డ్ మెయిల్‌బాక్స్ 50 జీబీ వరకు లైసెన్సు లేకుండానే నడుస్తుంది. అయితే ఆ ఐడీ గూగుల్‌లో యూజర్‌గా ఉందా, గ్రూపుగా ఉందా చూసుకోండి. యూజర్ అయితే పాత ఉత్తరాలన్నీ వస్తాయి. గ్రూపు అయితే అందులోని పాత సంభాషణలు ఈ దారిన రావు, సభ్యుల పెట్టెల్లో ఉన్న కాపీలే దిక్కు.

మూడో జాబితా అందరూ మరిచిపోయేది: ఆ ఐడీలు ఎక్కడెక్కడ అతుక్కుని ఉన్నాయి? జీఎస్టీ, ఐస్‌గేట్, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్), బ్యాంకు పోర్టళ్లు, టాలీ నుంచి ఇన్వాయిస్ వెళ్లే సెట్టింగ్, స్కానర్, సీసీ కెమెరా అలారం, వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారం. దీని పక్కనే ‘గూగుల్‌తో లాగిన్’ అని నొక్కి ఎవరెవరు ఏయే సైట్లలో చేరారో రాయండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫీసు లిస్టింగ్, యూట్యూబ్ ఛానల్ కంపెనీ ఖాతా మీద ఉంటే అవి కూడా. మెయిల్ వెళ్లిపోయినా ఇవి గూగుల్‌లోనే ఉంటాయి. ఖాతా తీసేస్తే వీటి దారీ మూసుకుపోతుంది.

ఎన్ని రోజులు, ఏ తేదీ

గూగుల్ నుంచి బయటికి లాగే వేగానికి పరిమితి ఉంది, ఒక్కో పెట్టెకు రోజుకు సుమారు 2 జీబీ. ఆఫీసు ఇంటర్నెట్ ఎంత వేగమైనా దీనికి సంబంధం లేదు, మెయిల్ ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కు నేరుగా వెళ్తుంది. పెట్టెలన్నీ ఒకేసారి నడుస్తాయి కాబట్టి సగటు చూసి లాభం లేదు, అన్నిటికంటే లావుపాటి పెట్టెను చూడాలి. యజమాని పెట్టె 38 జీబీ ఉంటే 19 రోజులు. అంటే మారే రోజుకు మూడు వారాల ముందే కాపీ మొదలవ్వాలి. ఈలోగా అందరూ జీమెయిల్‌లోనే పని చేసుకుంటారు, కొత్తగా వచ్చినవి విడతలవారీగా అటు చేరుతుంటాయి.

మారే రోజుకు శుక్రవారం సాయంత్రం మంచిది. అయితే ఏ శుక్రవారం? నెలవారీ రిటర్నులు వేసేవాళ్లకు టీడీఎస్ కట్టాల్సింది 7న, జీఎస్‌టీఆర్-1 గడువు 11, 3బీ గడువు 20. కాబట్టి 12 నుంచి 18 మధ్య చూసుకోండి, ఏ నెలైనా ఆ ఏడు రోజుల్లో ఒక శుక్రవారం తప్పకుండా పడుతుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లకు 15 గడువు కాబట్టి అవి ముందే కట్టేయమనండి. సంక్రాంతికి ఆఫీసు ఖాళీ కదా అని మాత్రం పెట్టుకోకండి. ఫోన్లో అథెంటికేటర్ ఆన్ చేయాల్సిన మనిషి ఇచ్ఛాపురం అవతల ఊళ్లో సిగ్నల్ లేని చోట ఉంటాడు.

కాపీ మొదలుపెట్టడం

ఎక్స్ఛేంజ్ అడ్మిన్ సెంటర్‌లో మైగ్రేషన్‌కు వెళ్లి, కొత్త బ్యాచ్, గూగుల్ వర్క్‌స్పేస్ అని ఎంచుకోండి. దీనికి గూగుల్ వైపు ఒక క్లౌడ్ ప్రాజెక్టు, అందులో సర్వీస్ అకౌంట్ (మనిషి కాకుండా సాఫ్ట్‌వేర్ వాడే ఖాతా), దాని జేసన్ కీ (తాళం చెవి లాంటి ఫైలు) కావాలి. జీమెయిల్, క్యాలెండర్, కాంటాక్టుల ఏపీఐలు (బయటి సాఫ్ట్‌వేర్ డేటా తీసుకునే దారులు) ఆన్ చేయాలి. తర్వాత గూగుల్ అడ్మిన్‌లో ఆ సర్వీస్ అకౌంట్‌కు డొమైన్ మొత్తం మీద అధికారం ఇవ్వాలి. ఎక్కువమంది ఇక్కడ రెండుచోట్ల ఇరుక్కుంటారు. మొదటిది, కీ తయారుకాదు. సర్వీస్ అకౌంట్ కీలను ఆపే ఆర్గనైజేషన్ పాలసీ ఉంటే దాన్ని ఆ ప్రాజెక్టుకు తాత్కాలికంగా సడలించాలి, పని అయ్యాక మళ్లీ బిగించాలి. రెండోది, అధికారం ఇచ్చినా పరీక్ష ఫెయిల్ అంటుంది. స్కోపుల (ఏయే డేటా చూడవచ్చో చెప్పే అనుమతుల) వరుసలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అంతే. అంతా సరిగ్గా ఉంటే ఆగండి, గూగుల్‌లో ఆ అనుమతి పూర్తిగా అమల్లోకి రావడానికి 24 గంటలు కూడా పట్టవచ్చు.

మొదటి బ్యాచ్‌లో ముగ్గురే ఉండాలి: ఒక చిన్న పెట్టె, ఒక లావు పెట్టె, లేబుళ్లు బాగా పెట్టుకునే ఒక మనిషి. జీమెయిల్‌లో ఒకే ఉత్తరానికి ఎన్ని లేబుళ్లైనా ఉండొచ్చు. అవుట్‌లుక్‌లో ఉత్తరం ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ఎవరైనా ఐమ్యాప్ (మెయిల్ మాత్రమే చదివే పాత పద్ధతి) దారిన కాపీ చేయమంటే వద్దనండి. అందులో క్యాలెండర్, కాంటాక్టులు రావు. ‘ఆల్ మెయిల్’ ఫోల్డర్‌ను మినహాయించకపోతే ప్రతి ఉత్తరం రెండుసార్లు వచ్చి పడుతుంది.

అసలు రానివి కొన్ని ఉన్నాయి: జీమెయిల్ ఫిల్టర్లు, సెలవులో పంపే ఆటో రిప్లైలు, మీటింగ్ గదుల బుకింగ్‌లు, ఇతరులు పంచిన క్యాలెండర్లు, ఈవెంట్ల రంగులు. ఒక్కో కాంటాక్టుకు మూడు మెయిల్ ఐడీలే వస్తాయి. ఫిల్టర్లను ఎవరికి వాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకుని అవుట్‌లుక్‌లో రూల్స్‌గా పెట్టుకోవాలి. కస్టమ్స్ ఉత్తరాలను ఒకపక్కకు, షిప్పింగ్ లైన్ల ఉత్తరాలను ఇంకోపక్కకు తోసే ఫిల్టర్ల మీదే బతికే మనుషులు ఇలాంటి ఆఫీసుల్లో ఉంటారు.

ఎవరూ చెప్పని ఉచ్చు

డొమైన్‌ను మైక్రోసాఫ్ట్‌లో చేర్చి, పెట్టెలు తయారైన క్షణం నుంచి ఆ వైపు నుంచి సహోద్యోగులకు పంపే మెయిల్ బయటికి రాదు. ఎంఎక్స్ (డొమైన్‌కు వచ్చే మెయిల్ ఎక్కడ చేరాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) ఇంకా గూగుల్‌నే చూపిస్తున్నా సరే. కొత్త అవుట్‌లుక్‌ను సరదాగా తెరిచిన అకౌంటెంట్ యజమానికి ఒక ఇన్వాయిస్ పంపితే, అది యజమాని ఇంకా చూడని కొత్త పెట్టెలో పడుతుంది. ఎర్రర్ రాదు, తిరిగి రాదు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకుంటారు.

పెద్ద సంస్థలు దీనికోసం సబ్‌డొమైన్లు పెట్టి, దశలవారీగా మారతాయి. 30 మందిలోపు ఆఫీసుకు ఆ తంటా అనవసరం. అందరూ ఒకే రాత్రి మారండి. అప్పటిదాకా కొత్త పాస్‌వర్డులు ఎవరికీ ఇవ్వకండి.

ఇదే ఉచ్చు తిరగేసి కూడా ఉంది. మారాక ఎవరి ఫోన్లోనైనా జీమెయిల్ యాప్‌లో పాత ఖాతా మిగిలి ఉంటే, అందులోంచి సహోద్యోగికి పంపినది గూగుల్ లోపలే ఆగిపోతుంది. అందుకే మారిన రాత్రే గూగుల్ పాస్‌వర్డులు మార్చి, సెషన్లన్నీ సైన్ అవుట్ చేయించండి. ఖాతాలను సస్పెండ్ మాత్రం చేయకండి, చివరి విడత కాపీ ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మారినా సర్వీస్ అకౌంట్ పని ఆగదు.

ఫైళ్లు

డ్రైవ్ ఫైళ్లకు షేర్‌పాయింట్ అడ్మిన్ సెంటర్‌లోని మైగ్రేషన్ మేనేజర్ వాడండి. ఎవరి మై డ్రైవ్ వాళ్ల వన్‌డ్రైవ్‌కు, షేర్డ్ డ్రైవ్‌లు షేర్‌పాయింట్ లైబ్రరీలకు. ముందు స్కాన్ నడిపి రిపోర్టు చదవండి. దీన్ని దాటవేస్తే తర్వాత ఏడవాలి.

‘షేర్డ్ విత్ మీ’లో కనబడేది ఆ మనిషి సొంతం కాదు, ఆ ఫైలు సొంతదారు ఖాతాతోనే వస్తుంది. మానేసిన ఉద్యోగి ఫైళ్ల యాజమాన్యాన్ని కాపీకి ముందే ఇంకొకరికి బదిలీ చేయండి. బయటి క్లయింట్లకు వాళ్ల సొంత జీమెయిల్‌కు ఇచ్చిన షేరింగ్‌ను కొత్తగా మళ్లీ ఇచ్చుకోవాలి.

గూగుల్ డాక్స్ వర్డ్‌గా, షీట్స్ ఎక్సెల్‌గా మారి వస్తాయి. పాత వెర్షన్ల చరిత్ర రాదు. బొమ్మలతో బరువెక్కిన డాక్స్ ఆగిపోతుంటాయి, డ్రైవ్ ఏపీఐ 10 ఎంబీకి మించి ఎగుమతి చేయదు. వాటిని బ్రౌజర్లోంచి చేత్తో డౌన్‌లోడ్ చేసుకోవాలి. షీట్స్‌లో ఇంపోర్ట్‌రేంజ్, క్వెరీ వాడిన చోట ఎక్సెల్‌లో ఫార్ములా పనిచేయదు. యాప్స్ స్క్రిప్ట్ (షీటు వెనక రాసిన చిన్న ప్రోగ్రాములు) అసలే రాదు. కంటెయినర్ల ట్రాకింగ్ షీటు ఇలాంటిదై ఉంటే దాన్ని ముందే ఎక్సెల్‌లో మళ్లీ కట్టించండి. మిగతా ఫైళ్లన్నీ కలిపినా ఆ ఒక్క షీటంత పని ఉండదు.

పేర్ల సంగతి. వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లతో సహా దారి మొత్తం 400 క్యారెక్టర్లు దాటకూడదు. తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు ఇది గమనించాలి: ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలే, కంప్యూటర్ లెక్కలో ఏడు. పైగా విండోస్‌లో పాత ప్రోగ్రాములు 260 దగ్గరే ఆగుతాయి. పేర్లలో కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, నిలువు గీత గూగుల్‌లో చెల్లుతాయి, ఇక్కడ చెల్లవు. తేదీని ఏటవాలు గీతలతో రాసే అలవాటున్నవాళ్ల ఫైళ్లు ముందుగా చూడండి.

ఇంకో రెండు తెలుగు చిక్కులు. గూగుల్ డాక్స్‌లో మల్లన్న, రామభద్ర, మండలి లాంటి ఫాంట్లతో చేసిన లెటర్‌హెడ్లు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో వేరే ఫాంటులోకి మారి పేజీలు జరిగిపోతాయి. ఫాంట్లు ఉచితమే, ముందే ఎక్కించండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు బ్రౌజర్లో పిచ్చి అక్షరాల్లా కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, ఆ ఫాంటున్న కంప్యూటర్లో మామూలుగానే తెరుచుకుంటుంది.

ఆఫీసు నెట్ లైన్ మీద బరువు పడేది మాత్రం సోమవారమే. 15 కంప్యూటర్లు తలా 40 జీబీ దించుకుంటే 600 జీబీ. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా 13 గంటలకు పైనే. ఫైల్స్ ఆన్-డిమాండ్ ఆన్‌లో ఉంచి, అడిగిన ఫైలే దిగేలా చూడండి.

క్యాలెండర్

ఈవెంట్లు వస్తాయి, వాటిలోని మీట్ లింకులు అలాగే ఉంటాయి. గూగుల్ లైసెన్సు పోయాక ఆ లింకుల్లో సమావేశం నడవదు. వారంవారం జరిగే సమావేశాలను ఏర్పాటు చేసినవాళ్లే రద్దు చేసి, టీమ్స్ లింకుతో కొత్తగా పంపాలి. ప్రతివాళ్లూ తమ క్యాలెండర్లో పెట్టుకుంటే ఒకే సమావేశం నాలుగుసార్లు కనిపిస్తుంది. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే ఎంచుకోండి. విశాఖ పేరు ఆ జాబితాలో ఉండదు, సమయం అదే.

ఆ శుక్రవారం

బుధవారమే ఎంఎక్స్ రికార్డు టీటీఎల్‌ను (పాత విలువను బయటి సర్వర్లు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. శుక్రవారం సాయంత్రం గూగుల్ ఎంఎక్స్‌లన్నీ తీసేసి మైక్రోసాఫ్ట్ ఇచ్చినదొక్కటే పెట్టండి. విలువలను చేత్తో టైపు చేయకుండా అడ్మిన్ సెంటర్ నుంచి కాపీ చేయండి. ఆటోడిస్కవర్ సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకు చూపే రికార్డు) కూడా పెట్టండి, లేకపోతే అవుట్‌లుక్ ఖాతాను వెతుక్కోవడానికి ఇబ్బంది పడవచ్చు.

ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పేది) ఒక్కటే ఉండాలి. పాతదాన్ని ఉంచి కొత్తది ఇంకోటి పెడితే రెండూ చెల్లవు. గూగుల్ ఖాతాలు ఇంకా ఉంచే నెల రోజులు ఒకే వరుసలో గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండింటినీ చేర్చండి. ఆ రికార్డు చదవడానికి జరిగే డీఎన్ఎస్ వెతుకులాటలు మొత్తం 10 దాటకూడదు. డీకిమ్‌కు (పంపే మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) రెండు సీనేమ్‌లు పెట్టి, తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ పోర్టల్‌లో ఆన్ చేయాలి. చాలామంది రికార్డులు పెట్టి ఈ చివరి నొక్కు మరిచిపోతారు. డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) ‘రిజెక్ట్’లో ఉంటే ముందే ‘నన్’కు దించండి.

బయటి ఐడీ నుంచి ఒక మెయిల్ పంపి, అది ఏ వైపు పడిందో చూడండి. ఐస్‌గేట్, జీఎస్టీ పోర్టళ్లలో లాగిన్ అయి ఓటీపీ తెప్పించండి. మొదటి వారం రోజూ జంక్, క్వారంటైన్ రెండూ తెరవాలి. కొత్త వడపోతకు మీ పాత పరిచయస్తులు తెలియదు. 72 గంటలు ఆగి, పాత పెట్టెల్లోకి కొత్త మెయిల్ రావడం ఆగాక బ్యాచ్ పూర్తిచేయండి. ‘ఎర్రర్లతో సింక్ అయింది’ అని ఉంటే వదిలిన వాటి జాబితా దించుకుని చదవండి, సాధారణంగా మరీ పెద్ద అటాచ్‌మెంట్లే ఉంటాయి.

స్కానర్ విషయం. పాత పాస్‌వర్డ్ పద్ధతిలో ఎస్‌ఎంటీపీ (స్కానర్ల లాంటివి మెయిల్ పంపే దారి) ద్వారా పంపడం మైక్రోసాఫ్ట్‌లో మొదట్నుంచే ఆపి ఉంటుంది. ఆన్ చేసి పోర్టు 587 పెట్టవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఉండకండి. స్కాన్‌ను ఒక కంప్యూటర్ ఫోల్డర్‌లోకి పంపి, ఆ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌తో కలిపితే మెయిల్ గొడవే ఉండదు. టాలీకి అలా కుదరదు, ఇన్వాయిస్ పీడీఎఫ్ తీసి అవుట్‌లుక్‌లోంచి పంపే అలవాటు చేయించాలి.

గూగుల్ లైసెన్సులు కనీసం ఒక నెల ఉంచండి. వార్షిక ప్లాన్ అయితే రెన్యువల్ తేదీ ముందే చూసుకోండి. మూసేముందు అడ్మిన్ డేటా ఎక్స్‌పోర్ట్ తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టండి. ‘గూగుల్‌తో లాగిన్’ జాబితాలో ఇంకా పేర్లు మిగిలి ఉంటే ఆ ఖాతాలను తీసేయకుండా ఉచిత క్లౌడ్ ఐడెంటిటీకి (మెయిల్ లేని గూగుల్ లాగిన్ ఖాతా) మార్చవచ్చు. పొరపాటున తీసేసిన యూజర్‌ను గూగుల్ 20 రోజుల్లోపే తిరిగి ఇస్తుంది.