పాత కారు లోపలి పని ఇంట్లోనే చేస్తున్నారా? ముందు బ్యాటరీ తీగ విప్పండి

మొన్న మా పక్క వీధిలో ఒక అంబాసిడర్ షెడ్డులోనే కాలిపోయింది. మంట లేచింది ఇంజన్ దగ్గర కాదు, సీట్ల మధ్య. వాన పడుతోందని షట్టరు సగానికి దించి, టాప్ లైనింగ్ (కారు లోపల పైకప్పుకు వేసే బట్ట) అంటిస్తున్నారు. పాత జిగురును థిన్నరుతో కడిగారు, కొత్తగా సొల్యూషన్ అనే రబ్బరు జిగురు పూశారు, లైనింగ్ లాగి అంచులు నొక్కారు. పైన దీపం బిగించడానికి లైనింగులో చిల్లు కోస్తుంటే కత్తెర లోపలి తీగకు తగిలింది. ఒక్క రవ్వ. భగ్గుమంది. చేసేవాడికి రెండు చేతులూ, మొహంలో ఒక పక్కా కాలాయి, ప్రాణం దక్కింది. అక్కడ సిగరెట్టు లేదు, వెల్డింగు లేదు, ఇంజన్ ఆపే ఉంది, తాళం అతని జేబులోనే ఉంది. బ్యాటరీ తీగ మాత్రం విప్పలేదు.

శ్రావణం మొదలైంది. దసరా వాహన పూజకి బండి తయారవ్వాలని తాతగారి అంబాసిడర్లూ, పద్మినీలూ షెడ్లలోంచి బయటికి తీసే రోజులివి. కుషన్ పని బాగా తెలిసిన పాత మేస్త్రీలు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు నెలల తరబడి తేదీ ఇవ్వరు. దాంతో వీడియోలు చూసి ఇంట్లోనే మొదలుపెడుతున్నారు. తప్పేం లేదు. ఓపికున్నవాళ్లు ఇంట్లో చేసిన సీట్లు షాపు సీట్ల కంటే బాగా కుదిరిన బండ్లు చాలా చూశాను. కానీ వానాకాలంలో తలుపులు మూసుకుని చేసే పని ఇది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లాంటివి అందరూ చెబుతారు, వాటి జోలికి పోను. ఎవరూ చెప్పని ఒక్క మాట మీద నిలబడతాను: బ్యాటరీ తీగ విప్పకుండా కారు లోపల సొల్యూషన్ డబ్బా మూత తియ్యకండి.

తాళం తీస్తే కరెంటు ఆగదు

తాళం తీసేశాం కదా, బండి చచ్చినట్టేనని చాలామంది నమ్మకం. తాళం మీ జేబులో ఉన్నా డోరు తెరవగానే లోపలి దీపం వెలగడం చూసే ఉంటారు. ఆ దీపానికి వెళ్లే తీగలో కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. అది పోయేది సరిగ్గా మీరు కత్తెరా, స్టేపుల్ పిన్నూ ఆడించే టాప్ లైనింగ్ వెనక నుంచే. హారన్ తీగ, గడియారం ఉంటే దాని తీగ, హెడ్‌లైట్ స్విచ్‌కీ తాళం స్విచ్‌కీ వచ్చే తీగలు, ఇవన్నీ అంతే. బ్రిటిష్ పద్ధతిలో వైరింగ్ చేసిన పాత బండ్లలో చాలావాటికి ఫ్యూజులు రెండే ఉండేవి. హెడ్‌లైట్లకూ ఇగ్నిషన్‌కూ అసలు ఫ్యూజే లేదు. ఇప్పటి కార్లలో తీగ బాడీకి తగిలితే ఫ్యూజు పోయి ఊరుకుంటుంది. ఆ బండ్లలో తీగే ఎర్రగా కాలుతుంది. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అంటారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ బ్యాటరీ నేరుగా షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారుతాయి. స్పానర్ అక్కడే అతుక్కుపోతుంది, చేతి ఉంగరం క్షణంలో కాలి వేలు పోతుంది. ఉంగరం, గడియారం, మెటల్ కంకణం తీసేసి దిగండి.

రవ్వ ప్రమాదంలో ఒక సగమే. ఇక రెండో సగం, ఆవిరి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. థిన్నరులోనూ రబ్బరు సొల్యూషన్లోనూ ఎక్కువగా ఉండే టొల్యూన్ ఆవిరి కూడా దాదాపు అంతే. అవి పైకి తేలిపోవు. నీళ్లలా దిగి, కాళ్లు పెట్టుకునే చోట గుంటల్లో నిలుస్తాయి. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం ఉంటే అంటుకుంటుంది, టొల్యూన్‌కి దాదాపు 1.2 శాతమే చాలు. కారు లోపలి చోటు మూడు ఘనపు మీటర్లు అనుకుంటే, పావు లీటరు థిన్నరు ఆవిరైతే ఆ లోపలంతా మండే గాలే. అడుగున పేరుకుంటుంది కాబట్టి నేల దగ్గర అంతకంటే తక్కువకే ప్రమాదం. ఒక టాప్ లైనింగుకి వాడే సొల్యూషన్ ఎంతో మీకే తెలుసు.

ముక్కును నమ్మకండి. పది నిమిషాలకే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. వాసన తగ్గిందని మీరు అనుకుంటారు, ఆవిరి అక్కడే ఉంటుంది. గుడ్డ మాస్కు, ధూళి మాస్కు ఆవిర్లను ఆపవు. బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. తల తిరిగినా, అకారణంగా నవ్వొచ్చినా, నోరు తియ్యగా అనిపించినా వెంటనే బయటికి రండి. కొన్ని సొల్యూషన్లలో హెక్సేన్ ఉంటుంది. దాన్ని రోజుల తరబడి పీలిస్తే కాళ్లూ చేతుల నరాలు దెబ్బతింటాయి. చెప్పులు అంటించే పనివాళ్లకు ఇది వచ్చినట్టు వైద్య పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది.

కాబట్టి పని మొదలుపెట్టే పద్ధతి ఇది. బానెట్ ఎత్తండి. బాడీకి బిగించిన తీగ ఏదో చూడండి. సాధారణంగా అది నెగటివ్, నల్లది. కానీ చాలా పాత బ్రిటిష్ నమూనా బండ్లలో పాజిటివ్‌నే బాడీకి కలిపేవారు, రంగు చూసి నిర్ణయించొద్దు. బాడీకి పోయే తీగనే ముందు విప్పాలి. ఎందుకంటే రెండో తీగ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిన క్షణాన పూర్తి షార్ట్. విప్పిన తీగ దానంతటది వెనక్కి వచ్చి తగులుతుంది, గుడ్డ చుట్టి పక్కకు కట్టండి. వీలైతే బ్యాటరీనే తీసి బయట వరండాలో పెట్టండి, అది ఇంకా మేలు.

పని మధ్యలో "ఒక్కసారి లైటు వెలుగుతుందేమో చూద్దాం" అని తీగ తగిలించకండి. నేను చూసిన వాటిలో పనివాళ్లని ముంచింది ఎక్కువగా ఈ ఒక్కసారే. లోపల దీపమో గడియారమో ఆన్‌లో ఉంటే, తగిలించేటప్పుడే టెర్మినల్ దగ్గర రవ్వ వస్తుంది. దీపం, స్విచ్‌లు, మీటర్లు పరీక్షించాలంటే సొల్యూషన్ పని మొదలుపెట్టకముందే చూసుకోండి. లేదా అంతా ఆరాక, డోర్లన్నీ ఒక రాత్రంతా తెరిచి ఉంచి, మర్నాడు తగిలించండి.

అసలు సొల్యూషన్ లోపల పూసే అవసరం చాలావరకు లేదు. డోరు ప్యాడ్లు, సీటు కవర్లు, డ్యాష్‌బోర్డు రెక్సిన్, వెనక అర అన్నీ విప్పి తెచ్చి పెరట్లో బల్ల మీద అంటించొచ్చు. బయటే పూసి, చేతికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు లోపల బిగించండి. పాత బండ్లలో టాప్ లైనింగ్ చాలావరకు కమ్మీల మీద వేలాడుతుంది, జిగురు అంచులకే కావాలి. ఆ అంచులకు బ్రష్‌తో కొద్దిగా, ఒక్కో పక్కా పూసుకుంటూ పోండి. స్ప్రే వద్దు. నీటితో చేసిన జిగురు దొరికితే స్పాంజి, బట్ట పనులకు అదే వాడండి. ఆరడానికి ఆలస్యం, అంతే.

సీట్లు విప్పేటప్పుడు

ఏళ్లుగా నిలబడిన బండి సీట్లలో ఎలుకలు కాపురం ఉంటాయి. పల్లెటూరి షెడ్డయితే తేళ్లు, ఒక్కోసారి పాము. సీటు కిందికి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి, టార్చి వేసి చూడండి. ఎలుక గూడును పొడిగా ఊడ్చకండి, వాక్యూమ్ కూడా పెట్టకండి. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు తడవనిచ్చి, చేతులకు రబ్బరు తొడుగులతో తీసెయ్యండి. చేతి మీద గాయం ఉంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. ఎలుక మూత్రం గాయంలోంచి లోపలికి పోతే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావొచ్చు, వానాకాలంలో ఆ జబ్బు మామూలుగానే ఎక్కువ.

స్ప్రింగులు బిగువు మీద ఉంటాయి. క్లిప్పు కోసినప్పుడు ఎగిరి వస్తాయి. కొబ్బరి పీచు, గోనెపట్ట దుమ్ముకి ధూళి మాస్కు పనికొస్తుంది. తుప్పు స్ప్రింగు గీరితే టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి.

నేల, తుప్పు

మ్యాట్లు లేపితే తుప్పు కనిపిస్తుంది, కనిపించగానే వెల్డింగు అనిపిస్తుంది. లోపల స్పాంజి, గోనె, రెక్సిన్ ఒక్క ముక్క మిగిలినా వెల్డింగు వద్దు. స్పాంజి నిమిషాల్లో అంటుకుంటుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు ఉంటాయి, కాలేలోపే ఊపిరి ఆగుతుంది. ట్యాంకులో పెట్రోలు లేదు కదా అనకండి, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, దాని నిండా ఆవిరే. నేల కింద పెట్రోలు పైపూ, బ్రేకు పైపూ ఎటు పోతున్నాయో కింద నుంచి చూసి గుర్తు పెట్టుకున్నాకే పై నుంచి స్క్రూ దించండి. ఇంజన్ వైపు గోడకు అంటించిన పాత బూడిదరంగు పలక కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చు. పొడిగా గీకొద్దు. కదపకుండా ఉంచగలిగితే ఉంచండి, తీయక తప్పకపోతే బాగా తడిపి ముక్కలు చేయకుండా తియ్యండి. పాత పెయింటులో సీసం ఉంటుంది, దాన్ని కూడా తడి ఉప్పు కాగితంతోనే రుద్దండి.

మధ్యలో ఒక మాట. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్ర నిబంధనల్లో వచ్చింది. ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉండాలి. తుప్పు పేరుతో బాడీని ఇష్టమొచ్చినట్టు కోసేసి ఆ అవకాశం పోగొట్టుకోకండి.

మిగతావి

హీట్ గన్ అయిదారు వందల డిగ్రీల గాలి వదులుతుంది. పెట్రోలు ఆవిరి దాదాపు 280 డిగ్రీలకే, మంట తగలకుండానే అంటుకుంటుంది. వాన తేమకి సొల్యూషన్ తెల్లగా మసకబారి పట్టు రావట్లేదని హీట్ గన్ పట్టుకుని లోపలికి దూరకండి. వాన ఆగాక చెయ్యండి.

డ్రిల్లు, వాక్యూమ్ క్లీనర్ మోటార్లలో బ్రష్‌ల దగ్గర రవ్వలు వస్తూనే ఉంటాయి. సొల్యూషన్ తడిగా ఉన్నప్పుడు అవి కారులోకి రాకూడదు.

ఫ్యాను కారు లోపల పెట్టకండి. దూరంగా, బయట పెట్టి, తెరిచిన డోర్లలోంచి గాలి ఆడేట్టు తిప్పండి. దాని స్విచ్ సొల్యూషన్ డబ్బా తెరవకముందే వెయ్యండి.

లోపల వెలుతురుకి బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ దీపం. ప్లగ్గుకు పెట్టిన బల్బు హోల్డరు వద్దే వద్దు.

షట్టరు పూర్తిగా పైకి. వాన జల్లు పడితే పని ఆపండి, షట్టరు దించకండి.

నూలు బట్టలే వేసుకోండి. పాలిస్టర్ రుద్దుకుంటే రవ్వ పుడుతుంది, కాలితే చర్మానికి కరిగి అతుక్కుంటుంది.

ఫోను బయట. ఛార్జింగులో ఉన్న ఫోను ఇంకా బయట.

థిన్నరును, పెట్రోలును కూల్‌డ్రింక్ సీసాల్లో పొయ్యకండి. పిల్లలు తాగుతారు. తాగితే కక్కించకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డబ్బా మొత్తం లోపలికి తేవద్దు. చిన్న స్టీలు గిన్నెలో కావలసినంతే.

చెక్క భాగాలకు అవిసె నూనె రాసిన గుడ్డను ఉండ చుట్టి మూల పడెయ్యకండి. దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విడదీసి బయట ఆరెయ్యండి, లేదా నీళ్లలో ముంచండి.

గ్యాస్ కిట్ ఉన్న బండైతే సిలిండరు, పైపులు మీరు ముట్టుకోకండి. ముందు అర్హత ఉన్న మెకానిక్‌తో తీయించాకే లోపలి పని.

ఒంటరిగా చెయ్యకండి. రెండో మనిషి కారు బయట ఉండాలి, లోపల కాదు.

సీటు బోల్టులు తుప్పు పట్టినవి మళ్లీ వాడకండి. పట్టాల తాళం పడుతుందో లేదో సీటు ముందుకీ వెనక్కీ గట్టిగా తోసి చూడండి. బ్రేకు కొట్టగానే సీటుతో పాటు డ్రైవరు ముందుకు జారిపోతే బండిని ఆపేవారుండరు.

కొత్త హారన్, కొత్త స్టీరియో తీగలకు విడిగా ఫ్యూజు పెట్టండి, బ్యాటరీకి దగ్గరగా. ఫ్యూజు లేకుండా తీగ లాగే మెకానిక్‌ని ఆపండి, ఎంత తెలిసినవాడైనా సరే.

పూజకి అగరుబత్తి, హారతి కారు లోపల వద్దు. సొల్యూషన్ పని అయ్యి రెండు రోజులే అయితే బయట బొట్టు పెట్టి నిమ్మకాయలతో సరిపెట్టండి.

బ్యాటరీ తీగ విప్పారా? మళ్లీ వెళ్లి చూడండి. రెండో రోజు పని మొదలుపెట్టినప్పుడు కూడా చూడండి, రాత్రి ఇంట్లో ఎవరో హారన్ చూడటానికి బిగించి ఉండొచ్చు.

మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి కొని, మీరు బయటికి పారిపోయే దారిలో, డోరుకి నాలుగడుగుల దూరాన పెట్టండి. కారు లోపల పెడితే మంటలోంచి తీయలేరు. థిన్నరు మంట మీద నీళ్లు కొట్టకండి, అది పాకుతుంది. ఒక సిలిండరుతో ఆగలేదంటే కారు వదిలెయ్యండి, 101కి చెయ్యండి.

కాలితే బట్ట అంటుకున్న చోట లాగకండి. కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు పెట్టండి, ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి, ఇంకు ఏవీ రాయకండి. 108కి ఫోన్ చెయ్యండి.