సముద్రపు నురుగుతో ఎముక స్కాఫోల్డ్: ల్యాబ్‌లో చేసే తీరు

ఎముక కొత్తగా పెరగడానికి ఆసరా ఇచ్చే, రంధ్రాలున్న చట్రమే స్కాఫోల్డ్. దాన్ని సముద్రపు నురుగుతో చేసే తీరు ఇది. వరంగల్‌కు సముద్రం దూరమే అయినా సముద్రపు నురుగు మూలికల దుకాణాల్లో దొరుకుతుంది. పేరుకే నురుగు, నిజానికి అది కటిల్‌ఫిష్ (ఆక్టోపస్‌కు దగ్గరి సముద్రజీవి) ఒంట్లో ఉండే పెంకు. ఆరగొనైట్ అనే స్ఫటిక రూపంలోని కాల్షియం కార్బొనేట్. లోపల పలుచని పొరలు, పొరకూ పొరకూ నడుమ సుమారు 0.2 నుంచి 0.6 మి.మీ. ఖాళీ. ఎముక కణాలు లోపలికి పాకడానికి కనీసం 0.1 మి.మీ. దారి కావాలి, ఇక్కడ అది ముందే ఉంది. మన చెరువుల రవ్వ, బొచ్చె ముళ్లను కాల్చినా హైడ్రాక్సీ అపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం, క్లుప్తంగా అపటైట్) వస్తుంది గానీ పొడిగా వస్తుంది. ఈ పద్ధతిలో ఆకారం చెడకుండా రసాయనం ఒక్కటే, కార్బొనేట్ నుంచి అపటైట్‌గా, మారాలి. 1974లో రాయ్, లినెహన్ అనే పరిశోధకులు పగడంతో చూపించిన దారి ఇది. పగడపు దిబ్బలకు మన దేశంలో చట్టరక్షణ ఉంది కాబట్టి వాటి జోలికి పోవద్దు. ఈ పెంకు మాంసం తీశాక మిగిలే వ్యర్థం.

పైనున్న గట్టి చిప్పను తీసేసి, మెత్తటి భాగాన్ని పదునైన బ్లేడుతో 1 సెం.మీ. ముక్కలుగా కోయండి. రంపం పెడితే పొరలు నలుగుతాయి. 4 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంలో ఒక రోజు నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టండి. తర్వాత మఫిల్ ఫర్నేస్ (ల్యాబ్‌లోని మూత కొలిమి)లో నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పెంచుతూ 350 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచండి. 400 దాటనివ్వద్దు: ఆరగొనైట్ కాల్సైట్‌గా (అదే కార్బొనేట్‌కు మరో స్ఫటిక రూపం) మారి ముక్క పగుళ్లిస్తుంది, మార్పిడీ మందగిస్తుంది.

100 మి.లీ. టెఫ్లాన్ గిన్నె ఉన్న స్టీల్ ఆటోక్లేవ్ (వేడిని, ఒత్తిడిని తట్టుకునే బిగుతైన పాత్ర)కు 1 గ్రాము ముక్కలు చాలు. లెక్క ప్రకారం డైఅమ్మోనియం ఫాస్ఫేట్ (డీఏపీ) 0.79 గ్రాములు కావాలి. పదో వంతు ఎక్కువగా 0.87 గ్రాములు 40 మి.లీ. డిస్టిల్డ్ నీటిలో కరిగించండి. ఎరువుల దుకాణంలోని డీఏపీ బస్తా పనికిరాదు, అందులో ఫ్లోరైడ్, కాడ్మియం లాంటివి ఉంటాయి. బోరు నీళ్లూ వద్దు. ఫ్లోరైడ్ అపటైట్‌లో చొరబడి ఫలితాన్నే మార్చేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెడేది ఇక్కడే. ఎండిన ముక్క నీటిపై తేలుతుంది, లోపల గాలి ఉంటుంది. ద్రావణంలో ముంచి డెసికేటర్ (గాలి చొరని మూత పాత్ర)లో వ్యాక్యూమ్ పెట్టండి, బుడగలు ఆగి ముక్క మునిగేదాకా. ఈ పని వదిలేస్తే పైన అపటైట్, నడుమ పాత కార్బొనేటే మిగులుతుంది.

తర్వాత ద్రావణంతో సహా ముక్కలను ఆటోక్లేవ్‌లో మూసి, 180 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచండి. ఎక్కువ ముక్కలు కుక్కకండి. వెలువడే కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా ఆవిరి ఒత్తిడికి తోడవుతాయి. ఆటోక్లేవ్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ముందే చూసుకోండి. పూర్తిగా చల్లారాకే, ఫ్యూమ్ హుడ్ (వాయువులను బయటికి లాగే ల్యాబ్ గూడు)లోనే తెరవాలి.

బరువు చూసి మార్పిడి అయిందనుకోవద్దు. 10 గ్రాముల కార్బొనేట్ నుంచి దాదాపు 10 గ్రాముల అపటైటే వస్తుంది, కాబట్టి త్రాసు ఏమీ చెప్పదు. ఒక ముక్కను నడిమికి విరిచి, లోపలి ముఖంపై 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. గట్టిగా పొంగితే కార్బొనేట్ మిగిలినట్టే. ఇంకో 24 గంటలు పెట్టాలి. స్వల్పంగా బుడగలొస్తే కంగారు వద్దు, అపటైట్‌లోనూ కొంత కార్బొనేట్ కలుస్తుంది. తేల్చేది ఎక్స్-రే డిఫ్రాక్షనే (ఎక్స్-రేలు ఏ కోణంలో చెదురుతాయో చూసి స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష). రాగి టార్గెట్ ఉన్న ఎక్స్-రే ట్యూబుతో 31.8 డిగ్రీల కోణం దగ్గర అపటైట్ శిఖరం రావాలి, 26.2, 27.2ల వద్ద ఆరగొనైట్‌వి, 29.4 వద్ద కాల్సైట్‌ది కనిపించకూడదు.

ఈ ముక్క పెళుసు. బరువు మోసే తొడ ఎముక లాంటి చోటికి దీన్ని అలాగే వాడే ఆలోచన పెట్టుకోవద్దు. చిన్న గుంటలు నింపే పరిశోధనకు సరిపోతుంది. దుకాణం సరుకు ఎంత పాతదో తెలియదు కనుక కణాల పరీక్షకు తీరప్రాంతపు ప్రాసెసింగ్ యూనిట్ నుంచి తాజా పెంకు తెప్పించండి. కణాలు చనిపోతే పదార్థాన్ని తప్పుబట్టే ముందు అమ్మోనియం మిగిలిందేమో చూడాలి: డిస్టిల్డ్ నీరు మారుస్తూ, కడిగిన నీటి పీహెచ్ తాజా నీటితో సమానమయ్యేదాకా కడిగి, 60 డిగ్రీల వద్ద నిదానంగా ఆరబెట్టండి.